శనగ కోత అయిన పిదప లారీ లైసెన్సు

మాఘమాసములో ఒక ప్రొద్దుటిపూట విడపనకల్లు దగ్గర రోడ్డు ప్రక్కన నిలిచి చూచినచో, అనంతపురము నుండి ఉరవకొండ మీదుగా బళ్ళారికి పోవు దారిలో మన పంటయే మన కన్నుల యెదుట కదలిపోవుచుండును. తాళ్ళు బిగించి ఎత్తుగా కట్టిన మిరప బస్తాలు, పప్పుశనగ సంచులు, నడుమ నడుమ ట్రాక్టరు ట్రాలీలు. ఆ బండ్లను తోలువారిలో పెక్కుమంది రైతుల బిడ్డలే. పైరును గూర్చి వ్రాయవలసిన వ్యవసాయాధికారి లారీ లైసెన్సును గూర్చి వ్రాయుట యేల యని మీకు తోచవచ్చును. కారణమున్నది.

అనంతపురము జిల్లాలో సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. కాలువ నీరందు పొలములను విడిచినచో, ఇక్కడి నల్లరేగడిలో వానను నమ్మి పండించునది సాధారణముగ ఒక్క పంటయే. అక్టోబరులో పదును చూచి పప్పుశనగ విత్తుదురు. జనవరి, ఫిబ్రవరి నెలలలో కోత యగును. అటుపిమ్మట తొలకరి వరకు చేతినిండ పని యుండదు. వాన తప్పిన యేట ఆ ఖాళీ యింకను పెద్దది. అన్నదమ్ములలో ఒకడు సేద్యము చూచుకొనగా మరియొకడు బయట సంపాదించుట ఈ ప్రాంతమున కొత్త కాదు. ఆ రెండవవాని సంపాదన ఎరువు రూపమున, విత్తనము రూపమున తిరిగి పొలములోనికే వచ్చును. కనుక అతడు చట్టప్రకారము స్టీరింగు పట్టుచున్నాడా లేదా యనునది మాకు పట్టని సంగతి కాదు.

శనగ విత్తన విషయమై మా కార్యాలయమునకు వచ్చిన ఒక పెద్ద రైతు, పని అయిన పిదప కూడ లేవక కూర్చుండెను.

"సార్, ఇంకొక మాట. మా పెద్దోడు ట్రాక్టరు బాగా తోలతాడు. బళ్ళారి కాడ లారీ పని ఉందంట, రమ్మంటాండారు. లైసెన్సు ఎన్నాళ్ళకు వస్తాది?"

"ఇప్పుడు ఏమి లైసెన్సు ఉంది పెద్దాయనా?"

"మోటారు సైకిలుది ఉంది సార్."

"వయసు?"

"ఇరవై రెండు నిండినాయి."

"అయితే ఇప్పుడు మొదలుపెట్టినా లారీ చేతికి వచ్చేసరికి ఏడాది దాటుతుంది."

ఆయన ముఖము చిన్నబోయెను. "పదేండ్లుగా ట్రాక్టరు తోలతాండాడు కదా సార్!"

పదేండ్లు అనగా పండ్రెండవ యేట నుండి యన్నమాట. నేను లెక్క వేసితిని గాని పైకి అనలేదు. "మరి ఈ దినము మీరు ఎట్లా వచ్చినారు?" అని మాత్రము అడిగితిని. చిన్న కుమారుడు ట్రాక్టరులో తెచ్చెనట. అతనికి పదునారేండ్లు.

మొదట పెద్దవాని సంగతి. 1989 జూలై 1 నుండి అమలులో నున్న 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 20 సంవత్సరములు నిండనివాడు రవాణా వాహనమును రోడ్డుపై తోలరాదు. వయస్సొక్కటియే చాలదు. ఎల్.ఎం.వి. అను తేలిక మోటారు వాహనపు లైసెన్సు చేతికి వచ్చి కనీసము ఒక సంవత్సరము కావలెను. అప్పుడే రవాణా వాహనము నేర్చుకొనుటకు లెర్నరు లైసెన్సు నిత్తురు. మోటారు సైకిలు లైసెన్సు ఈ లెక్కలోనికి రాదు. తేలిక వాహనపు లైసెన్సును 18 ఏండ్లు నిండినవారు తీసికొనవచ్చును. ముందుచూపు గలవారు 18వ యేటనే దానిని తీసికొని పెట్టుకొందురు. ఆ పని చేయక 22వ యేట లారీ యజమాని పిలిచినప్పుడు మేలుకొన్నచో ఒక యేడు వ్యర్థమగును.

ఒకప్పుడు రవాణా లైసెన్సునకు ఎనిమిదవ తరగతి పాసు కావలెనను నియమముండెను. దానిని 2019లో తీసివేసిరి. చదువు తక్కువయని వెనుకాడినవారు ఇప్పుడు దరఖాస్తు చేసికొనవచ్చును. అయినను లెర్నరు పరీక్షలో రోడ్డు గుర్తులు, నియమములు అడుగుదురు గనుక వానిని ఇంటిలో చదివించుకొని విని నేర్చుకొనవలెను.

ఈ పనిని పంటకాలముతో జోడించినచో సేద్యమునకు భంగము కలుగదు. శనగ నూర్పిడి కాగానే ఫిబ్రవరిలో తేలిక వాహనపు లెర్నరు లైసెన్సు తీయవలెను. అది 6 నెలలు చెల్లును. తీసిన 30 దినములకు తరువాతనే పరీక్షకు పోవలెను. మార్చి చివర గాని ఏప్రిలులో గాని లైసెన్సు వచ్చును. ఆపై ఖరీఫు, రబీ రెండును గడచి, మరుసటి శనగ కోత అయిన పిదప ఏడాది నిండును. అప్పుడు లారీ లెర్నరు తీసి, వేసవిలో డ్రైవింగు పాఠశాలలో చేరినచో తొలకరి నాటికి పరీక్ష ముగియును.

పాఠశాల విషయములో మోసపోవువారు ఎక్కువ. రవాణా వాహనపు లైసెన్సునకు, గుర్తింపు పొందిన పాఠశాల ఇచ్చు 5వ నంబరు ఫారము దరఖాస్తుతో జతపరుపవలెను. నియమముల ప్రకారము ఆ శిక్షణ 30 దినములకు తగ్గరాదు. పెద్ద వాహనమును స్వయముగ తోలిన కాలము 15 గంటలకు తగ్గరాదు. ప్రతి విద్యార్థి ఎన్ని గంటలు తోలెనో వ్రాయు పుస్తకము పాఠశాలలో ఉండవలెను. రుసుము కట్టుటకు ముందే ఆ పుస్తకమును, పాఠశాల లైసెన్సును చూపుమని అడుగుడి. "బండి ఎక్కనక్కరలేదు, ఫారము మేము ఇస్తాము" అని చెప్పువాడు మీకు మేలు చేయుట లేదు. ఆ 15 గంటలు రేపు ఘాటు రోడ్డుపై కావలసియుండును. 2021 జూలై నుండి అమలులోనున్న నియమముల క్రింద గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రములలో పెద్ద వాహనమునకు 6 వారములలో 38 గంటల శిక్షణ ఉన్నది. అందులో 22 గంటలు బండి తోలుటకే. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయములో మరల తోలి చూపు పరీక్ష ఉండదు.

విడపనకల్లు వారికి అనంతపురము కంటె బళ్ళారి దగ్గర. కావున అక్కడ నేర్చుకొనుటకు మనసు పోవును. నేర్చుకొనవచ్చును. కాని లైసెన్సు దరఖాస్తు మీరు నివసించు రాష్ట్రములో గాని, శిక్షణ పొందు పాఠశాల ఉన్న రాష్ట్రములో గాని చేయవలెను. సగము కాగితములు ఇక్కడ, సగము అక్కడ పెట్టి తిరుగువారిని చూచితిని. ముందే ఒక చోటు నిశ్చయించుకొనుట మేలు. గ్రామాధికారులు ఇచ్చట ఒక సాయము చేయగలరు. ఆధారు కార్డులో ఇంటిపేరు ఒక తీరున, బడి సర్టిఫికెట్టులో మరియొక తీరున, పుట్టిన తేదీ ఇంకొక తీరున ఉండుట మన పల్లెలలో సామాన్యము. దరఖాస్తు పెట్టక ముందే దానిని సరిచేయించినచో రైతునకు రెండు మూడు ప్రయాణములు తప్పును.

వైద్యుని సర్టిఫికెట్టు కూడ కావలెను. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరము నుండి కారు నంబరు పలకను చదువగలుగుట అందులోని ఒక సంగతి. దీనిని ఇంటివద్దనే పరీక్షించుకొనవచ్చును.

పెద్ద లారీ అవసరము లేక, టాటా ఏస్, బొలెరో పికప్ వంటి చిన్న సరకు బండ్లు తోలదలచినవారికి ఒక మంచి మాట. 2024 నవంబరు 6న సుప్రీం కోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. సరకుతో సహా మొత్తము బరువు 7,500 కిలోగ్రాములకు మించని రవాణా వాహనమును తేలిక వాహనపు లైసెన్సుతోనే తోలవచ్చును, వేరుగ అనుమతి వ్రాయించుకొన నక్కరలేదు. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరకులకు మాత్రము ప్రత్యేక నియమములు కలవు. బండి చిన్నదిగా కనబడినంత మాత్రమున నమ్మక, ఆర్.సి.లో వ్రాసిన మొత్తము బరువును చూడవలెను. మిరప తోటల నుండి బ్యాడిగి మార్కెట్టుకు కొద్ది సరకు చేరవేయు యువకులకు ఈ మార్గము చాలును. ఏడాది ఆగనక్కర లేదు. పెద్ద లారీయే కావలెనని పట్టుపట్టువారు దీనిని ఒకసారి ఆలోచింపవలెనని నా అభిప్రాయము.

ఇక చిన్నవాని సంగతి. దీనిని పెద్దాయనకు చెప్పుటకు నాకు కొంత కష్టమే యయ్యెను. 2019లో చట్టమును సవరించి 199ఎ అను సెక్షను చేర్చిరి. 18 ఏండ్లు నిండని పిల్లవాడు బండి తోలి నేరము చేసినచో, తండ్రి లేక యజమాని దోషిగా ఎంచబడును. శిక్ష 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. అన్నింటికంటె, ఆ పిల్లవానికి 25 సంవత్సరములు నిండువరకు లెర్నరు లైసెన్సు కూడ ఇవ్వరు. అటుపై తేలిక వాహనముతో ఒక యేడు గడవవలెను గనుక అతడు లారీ ఎక్కునప్పటికి ఇరువది యారు దాటును. ఒక్క ప్రయాణముతో పిల్లవాని పది సంవత్సరములు పోవును.

"ట్రాక్టరుకు కూడానా సార్?" అని ఆయన అడిగెను. ట్రాక్టరుకు కూడ. పొలములో దుక్కి వేరు, రోడ్డు వేరు.

బీమాను గూర్చియు చెప్పితిని. లైసెన్సు లేనివాడు తోలుచుండగా ప్రమాదము జరిగినచో, బీమా కంపెనీ బాధితులకు మొదట చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని కోర్టులు పెక్కు కేసులలో తీర్పు చెప్పినవి. యజమాని యనగా ఐదెకరముల రైతు. రాబట్టుకొనుటకు అతనికున్నది ఆ భూమియే. మిరప కోతకు కూలీలను ట్రాలీలో ఎక్కించుట మరియొక అలవాటు. ట్రాలీ సరకునకు గాని మనుషులకు గాదు. దానికి కట్టిన ప్రీమియము ఆ కూలీలకు వర్తింపదు. కోతల రోజులలో ఉదయము ఆ ట్రాలీలు పోవుచుండగా చూచి నేను ఎన్నిసార్లో గుండె పట్టుకొంటిని.

ట్రాక్టరు చేయి తిరిగినవాడు లారీ తోలగలడనుట సగము నిజము. గేర్లు, స్టీరింగు త్వరగా పట్టుబడును. బరువు మాత్రము కొత్త. గాలి బ్రేకులు గల బండిలో గాలి పీడనము పూర్తిగా ఎక్కకమునుపు కదలరాదు. దిగుడులో డీజిలు మిగులునని న్యూట్రలులో వదలుట ప్రాణాపాయము. తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే దిగవలెను. మిరప తేలిక గాని ఎత్తుకు పోవును. మలుపులో, ప్రక్కగాలిలో బండి ఊగును. బళ్ళారి ఇనుప ఖనిజము దీనికి తలక్రిందులు. తొట్టి సగము ఖాళీగా కనబడుచుండగనే బరువు హద్దు దాటును. హద్దు మీరిన బరువునకు చట్టములో 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా కలదు. యజమాని ఎత్తుమన్నాడని ఎత్తి, బ్రేకు పట్టనప్పుడు యజమానిని పిలిచిన ప్రయోజనము లేదు.

లైసెన్సు వచ్చిన పిదప రవాణా తరగతి 5 సంవత్సరములు చెల్లును. గడువు దాటిన 30 దినముల వరకు చెల్లునను పాత సౌకర్యము 2019 సవరణతో పోయినది. గడువు తీరిన మరునాడు తోలినచో లైసెన్సు లేనట్లే. గడువునకు ఒక యేడు ముందు నుండియే తిరిగి వ్రాయించుకొనవచ్చును. గడువు తీరి ఏడాది దాటినచో మరల పరీక్షకు నిలువవలెను.

ఇదంతయు విని పెద్దాయన బయటికి పోయి, చిన్నవాని చేతి నుండి తాళము తీసికొని పెద్ద కుమారునికి ఫోను చేసెను. అతనికున్నది మోటారు సైకిలు లైసెన్సేయని నేను గుర్తు చేయగా ఇద్దరము నవ్వుకొంటిమి. కడకు వారి బంధువులలో లైసెన్సుగలవాడు ఒకడు వచ్చువరకు, ఆ ట్రాక్టరు సాయంకాలము దాక మా కార్యాలయము ముందరి వేపచెట్టు క్రిందనే నిలిచియుండెను.