వార్తల్లో పదం: హీట్ పంప్

ఆస్ట్రేలియాలో గ్యాస్, కరెంటు గీజర్ల మార్పిడి వార్తల్లో తరచూ వినిపిస్తున్న మాట ‘హీట్ పంప్’. గాలిలోని వేడిని లాగి నీళ్లకు చేర్చే యంత్రమిది.

ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. లోపలి వేడిని అది బయటికి తోడేస్తుంది మరి. హీట్ పంప్‌దీ అదే పని, దిక్కే వేరు. ఫ్యాన్ బయటిగాలిని పీలుస్తుంది. ఆ గాలి వేడికి గొట్టాల్లోని రిఫ్రిజిరెంట్ అనే ద్రవం ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కితే అది ఇంకా వేడెక్కి, ఆ వేడిని ట్యాంకులోని నీళ్లకు వదిలి మళ్లీ ద్రవమవుతుంది.

కరెంటు ఖర్చయ్యేది వేడి పుట్టించడానికి కాదు, మోయడానికే. 200 లీటర్ల నీళ్లను 20 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే మామూలు గీజర్‌కు 9 యూనిట్లకు పైగా కావాలి. మంచి హీట్ పంప్‌కు సుమారు 3 చాలు.

ఎండ పుష్కలంగా ఉండేచోట, ఇంటి కప్పుపై సోలార్ పలకలున్నవారు టైమర్‌తో మధ్యాహ్నమే నీళ్లు కాచి పెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పథకంలో వచ్చే సర్టిఫికెట్ల వల్ల కొనుగోలు ధర కొంత తగ్గుతుంది. అయినా చాలాసార్లు మామూలు గీజర్ కన్నా ఖరీదెక్కువే. చలి ముదిరితే సామర్థ్యం తగ్గుతుంది. ఫ్యాన్ రొద పక్కింటి పడకగదికి వినపడకుండా చోటు చూసుకోవాలి.