ఫ్లూ తగ్గిన పిదప న్యుమోనియా ఏల వచ్చును?

బాలలారా! ఫ్లూ జ్వరము తగ్గి, తాతగారు లేచి కూర్చుండి పథ్యము పుచ్చుకొన్న కొలది దినములకే మరల చలి, ఆయాసము, పసుపుపచ్చని కఫము ఏల కనిపించునో యెఱుగుదురా? మన శ్వాసనాళపు లోపొరపై సూక్ష్మకేశములు కలవు. అవి యెడతెగక కదలుచు, దుమ్మును, సూక్ష్మజీవులను చిక్కించుకొన్న జిగురును, వాకిలి యూడ్చు చీపురువలె, గొంతువైపునకు నెట్టుచుండును. ఫ్లూ వైరస్ ఆ కేశములు గల కణములనే చంపివేయుటచేత, అంతవఱకు ముక్కులో హాని చేయక నివసించుచున్న న్యుమోకాకస్ అను బాక్టీరియా ఊపిరితిత్తులలోనికి దిగి, అచ్చటి గాలితిత్తులను చీముతో నింపును; ఇదియే న్యుమోనియా. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో అత్యధికులను, అందును పెక్కుమంది యువకులను, పొట్టనబెట్టుకొన్నది ఈ రెండవ దెబ్బయే. ఇక తాతగారి వంటివారికి వార్ధక్యమున దగ్గు బలము సన్నగిల్లును, రక్షకకణములు మందగించును. వారికి న్యుమోనియా సోకినపుడు ఒక్కొక్కప్పుడు జ్వరమైనను రాక, మాట తడబడి మతి చలించును. అట్టి వేళ జాగుసేయక వైద్యుని పిలువవలెను. ఏలయన యాంటీబయాటిక్ మందు వైరస్‌ను తాకజాలకున్నను బాక్టీరియాను చంపగలదు.