యూనిట్ - 9 : సర్ఫింగ్ నేర్చుకునేవారికి తొలి బోర్డు ఎంపిక

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• సర్ఫ్‌బోర్డు నీటిపై ఎందుకు తేలుతుందో, మనిషి బరువును ఎంతవరకు మోయగలదో లెక్కించగలుగుతారు.
• పొడవు, వెడల్పు, వంపు అనే కొలతల ప్రభావాన్ని వివరించగలుగుతారు.
• మెత్తని బోర్డుకు, గట్టి బోర్డుకు గల తేడాలను గుర్తించగలుగుతారు.
• మీ బరువుకు, మీరు దిగే తీరానికి తగిన బోర్డును ఎంపిక చేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

అలల మీద పలకతో స్వారీ చేయడం పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల ప్రజలకు ప్రాచీన కాలం నుంచీ తెలిసిన విద్య. వారు చెట్టు మానును చెక్కి బోర్డులు తయారుచేసుకునేవారు. హవాయికి చెందిన ఈతగాడు డ్యూక్ కహనమోకు 1912, 1920 ఒలింపిక్ క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో స్వర్ణ పతకాలు గెలిచాడు. సర్ఫింగ్ ఇతర దేశాలకు వ్యాపించడానికి ఆయన ప్రదర్శనలు ఎంతో తోడ్పడ్డాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ తొలిసారిగా పోటీ అంశమైంది. మన దేశంలో కర్ణాటకలోని ముల్కి, తమిళనాడులోని కోవలం ఈ క్రీడకు పేరు పొందాయి. విశాఖపట్నం తీరంలోనూ దీన్ని సాధన చేసేవారు ఉన్నారు.

అయితే అలల్ని దాటడం మన మత్స్యకారులకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరంలో దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పపై వారు తరతరాలుగా కెరటాలను దాటి వేటకు వెళ్లారు. తెప్పను తేల్చే సూత్రమే సర్ఫ్‌బోర్డునూ తేలుస్తుంది.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా పోటీల వీడియోల్లో కనిపించే సన్నని, పొట్టి బోర్డును కోరుకుంటారు. అది నేర్పరుల అవసరం కోసం రూపొందినది. దానితో మొదలుపెట్టినవారు అలను అందుకోలేక, నిలబడలేక, కొద్ది రోజుల్లోనే విసిగి మానుకుంటారు. అందువల్ల బోర్డు ఎంపికను అందం, ధరల కంటే ముందు భౌతికశాస్త్రం దృష్టితో చూడాలి.

9.2 తేలే శక్తి : లీటర్ల లెక్క

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నీటిలో మునిగిన వస్తువుపై, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి పనిచేస్తుంది. ఒక లీటరు సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు ఉంటుంది. కాబట్టి బోర్డు ఘనపరిమాణం తెలిస్తే అది మోయగల బరువు తెలిసినట్లే. చాలా బోర్డులపై ఈ పరిమాణాన్ని లీటర్లలో ముద్రిస్తారు.

ఉదాహరణ : ఒక విద్యార్థి బరువు 65 కిలోలు.

(అ) బోర్డు పరిమాణం 80 లీటర్లు, బరువు 7 కిలోలు అనుకుందాం. పూర్తిగా మునిగితే పైకి పనిచేసే బలం 80 × 1.025 = 82 కిలోల బరువుకు సమానం. బోర్డు బరువు తీసివేస్తే 75 కిలోలు మిగులుతుంది. ఇది 65 కంటే ఎక్కువ. విద్యార్థి బోర్డుపై పడుకున్నప్పుడు అతని శరీరం దాదాపు పూర్తిగా నీటిపైనే ఉంటుంది.

(ఆ) బోర్డు పరిమాణం 28 లీటర్లు, బరువు 3 కిలోలు అనుకుందాం. 28 × 1.025 = 28.7; బోర్డు బరువు పోగా 25.7 కిలోలు. మిగిలిన 39 కిలోలకు పైగా బరువును నీరు మోయాలంటే విద్యార్థి శరీరంలో చాలా భాగం మునగవలసిందే. మునిగిన శరీరాన్ని నీరు వెనక్కి లాగుతుంది. చేతులు ఎంత ఆడించినా బోర్డు ముందుకు సాగదు.

మరి నేర్పరులు చిన్న బోర్డుపై ఎలా నిలబడుతున్నారు? అల వేగాన్ని అందుకున్న తరువాత బోర్డు నీటిని కిందికి నెడుతూ జారుతుంది. అప్పుడు వేగం వల్లనే పైకి ఎత్తే బలం పుడుతుంది. ఆ వేగాన్ని అందుకునే నేర్పు వారికి ఉంది. కొత్తవారికి లేనిది అదే.

దీని నుంచి తొలి నియమం వస్తుంది:

కనీస పరిమాణం (లీటర్లలో) = (మనిషి బరువు + బోర్డు బరువు) ÷ 1.025

పై విద్యార్థికి ఇది 72 ÷ 1.025, అంటే సుమారు 70 లీటర్లు. దీనికి మరో పది లీటర్లు కలుపుకోవడం మంచిది.

9.3 పొడవు, వెడల్పు, వంపు

పొడవు : లోతు తక్కువగా ఉన్న చోట అల వేగం √(g × లోతు). ఒక మీటరు లోతులో ఇది సెకనుకు 3.1 మీటర్లు, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు. కొత్తవారు చేతులతో ఇంత వేగాన్ని అందుకోలేరు. మిగిలిన వేగాన్ని అల వాలు ఇవ్వాలి. పొడవైన బోర్డు తేలికగా జారుతుంది కాబట్టి కొద్దిపాటి వాలు ఉన్నప్పుడే, అంటే అల విరగకముందే, దాన్ని అందుకుంటుంది. లేచి నిలబడటానికి అదనంగా దొరికే ఆ ఒకటి రెండు సెకన్లు చాలా విలువైనవి. పెద్దవారికి 8 నుంచి 9 అడుగుల బోర్డు సాధారణంగా సరిపోతుంది.

వెడల్పు : తేలే వస్తువు పక్కకు ఒరగకుండా నిలిచే శక్తి, పొడవు మారకపోతే, స్థూలంగా వెడల్పు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వెడల్పు 19 అంగుళాల నుంచి 22.5 అంగుళాలకు పెరిగితే నిలకడ సుమారు 1.66 రెట్లు అవుతుంది. మూడున్నర అంగుళాల తేడా కంటికి చిన్నదే గాని కాళ్లకు పెద్దది.

వంపు : బోర్డు ముక్కు పైకి లేచి ఉండటాన్ని రాకర్ అంటారు. వంపు తక్కువైతే వేగం బాగుంటుంది. కాని నిటారుగా విరిగే అలలో ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది. మధ్య భాగం చదునుగా ఉండి, ముక్కు దగ్గర కొంచెం లేచిన బోర్డు కొత్తవారికి అనుకూలం.

9.4 పదార్థం, భద్రత

గట్టి బోర్డులో ఫోమ్ లోపలి భాగంగా ఉంటుంది. దానిపై ఫైబర్‌గ్లాస్ బట్ట పరచి రెజిన్‌తో గట్టి పొర వేస్తారు. మెత్తని బోర్డులో పైభాగాన స్పాంజిలాంటి పొర, అడుగున నున్నని ప్లాస్టిక్ పలక ఉంటాయి. నేర్చుకునేవారు పదే పదే పడతారు. పడినప్పుడు బోర్డు వారికో, పక్కవారికో తగులుతుంది. తల పగలడం, దవడకు దెబ్బ తగలడం వంటి ప్రమాదాలు మెత్తని బోర్డుతో తగ్గుతాయి గాని పూర్తిగా తొలగిపోవు. తొలి బోర్డు మెత్తనిదే కావాలనడానికి ముఖ్య కారణం ఇదే.

బోర్డు అడుగున తోక వైపు ఉండే రెక్కలను ఫిన్లు అంటారు. 1935లో టామ్ బ్లేక్ బోర్డుకు ఫిన్ అమర్చాడు. దానితో బోర్డు పక్కకు జారిపోకుండా దిశ నిలుపుకోగలిగింది. నేర్చుకునేవారికి వంగే గుణం గల మెత్తని ఫిన్లు మేలు.

బోర్డును కాలికి కలిపే తాడును లీష్ అంటారు. దాని పొడవు కనీసం బోర్డు పొడవుకు సమానంగా ఉండాలి. వెనుక ఉంచే కాలి చీలమండకు దాన్ని కట్టుకోవాలి. నీటిలో పడి పైకి తేలేటప్పుడు రెండు చేతులతో తలను కాపాడుకోవాలి. సాగిన లీష్ బోర్డును మీ వైపే లాగుతుంది.

9.5 మన తీరానికి అన్వయం

విశాఖలోని ఆర్.కె. బీచ్, యారాడ వంటి చోట్ల స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు తరచూ వార్తల్లో చూస్తున్నాం. ఒడ్డు ఏటవాలుగా ఉన్న చోట అల ఒడ్డు మీదే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అక్కడ ఎంత మంచి బోర్డయినా ఉపయోగపడదు. ఇసుక అడుగు నెమ్మదిగా లోతవుతూ, నడుము లోతులో తెల్లని నురుగు ఒడ్డు వైపు సాగివచ్చే చోటును, శిక్షకుడి సమక్షంలో ఎంచుకోవాలి. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు దిగరాదు.

ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కుకుంటే బోర్డును వదలకూడదు. దానిపై పడుకుని, చేయి ఎత్తి సహాయం కోరాలి. వీలైతే తీరానికి సమాంతరంగా కదిలి ప్రవాహం నుంచి బయటపడాలి. అయినా బోర్డు ఈతకు ప్రత్యామ్నాయం కాదు. లీష్ తెగవచ్చు. ఈత రానివారు ముందు ఈత నేర్చుకోవాలి.

మొదటి కొన్ని పాఠాలకు బోర్డు కొనవలసిన అవసరం లేదు. శిక్షణ కేంద్రం బోర్డును అద్దెకు తీసుకుని, రెండు మూడు పరిమాణాలను ప్రయత్నించాలి. పాత బోర్డు కొంటే పగుళ్లు, పొర ఊడిన చోట్లు చూడాలి. పరిమాణానికి మించిన బరువు ఉంటే లోపలికి నీరు చేరిందని అనుమానించాలి. మూసిన కారులో, మండుటెండలో బోర్డును ఉంచితే పొరలు ఉబ్బి విడిపోతాయి.

విరగని అలను ఎవరి సహాయమూ లేకుండా అందుకుని, కోరిన వైపుకు మళ్లగలిగినప్పుడు చిన్న బోర్డు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఒక అడుగు, ఒకటిన్నర అడుగు చొప్పునే తగ్గించుకోవాలి.

9.6 సారాంశం

తొలి బోర్డు మనిషి బరువును నిశ్చలమైన నీటిలోనే మోయగలగాలి. పొడవు అలను అందిస్తుంది, వెడల్పు నిలబెడుతుంది, మెత్తదనం దెబ్బల తీవ్రతను తగ్గిస్తుంది. వేగంతో తేలే చిన్న బోర్డు నేర్పు వచ్చిన తరువాతి మెట్టు.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 82 కిలోల బరువున్న వ్యక్తికి 8 కిలోల బోర్డు కావాలి. కనీస పరిమాణం ఎంత?
2. చిన్న బోర్డు నేర్పరిని మోయగలిగినా కొత్తవారిని ఎందుకు మోయలేదు?
3. మీకు దగ్గరలోని తీరాన్ని ఒడ్డు నుంచి పరిశీలించి, అల ఎక్కడ, ఎలా విరుగుతోందో పది వాక్యాల్లో రాయండి.

సమాధాన సూచనలు : 1. 90 ÷ 1.025 = సుమారు 88 లీటర్లు. 2. విభాగం 9.2 చూడండి. 3. విభాగం 9.5 ఆధారంగా రాయండి. పరిశీలన కోసం నీటిలోకి దిగవద్దు.