4.6 వంటనూనె, ఒక జన్యువు: ఎఫ్ఏడీఎస్2 వ్యక్తీకరణ

జన్యువు ఉండటం వేరు, అది వ్యక్తమవడం వేరు. ఈ తేడాను ఎఫ్ఏడీఎస్2 అనే మానవ జన్యువు ఆధారంగా తెలుసుకుందాం.

వరంగల్‌లో మీ ఇంట్లో వాడే నువ్వుల నూనెలోనూ, సన్‌ఫ్లవర్ నూనెలోనూ లినోలియిక్ ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. దీనిలో 18 కార్బన్లు, 2 ద్విబంధాలు ఉంటాయి. శరీరం దీన్ని తయారుచేసుకోలేదు కనుక ఇది ఆవశ్యక కొవ్వు ఆమ్లం. 11వ క్రోమోసోమ్‌పై ఉన్న ఎఫ్ఏడీఎస్2, డెల్టా-6 డీశాచురేజ్ అనే ఎంజైమ్‌కు సంకేతం ఇస్తుంది. ఈ ఎంజైమ్ లినోలియిక్ ఆమ్లానికి మూడో ద్విబంధాన్ని చేరుస్తుంది. తరవాత గొలుసు 20 కార్బన్లకు పెరుగుతుంది. పక్కనే ఉన్న ఎఫ్ఏడీఎస్1 జన్యువు ఎంజైమ్ నాలుగో ద్విబంధాన్ని చేర్చగా అరకిడోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది. కణత్వచాలకు, మెదడుకు ఇది అవసరం. అయితే శోథను కలిగించే కొన్ని పదార్థాలు కూడా దీని నుంచే తయారవుతాయి.

అవిసె గింజలలోని ఆల్ఫా-లినోలెనిక్ ఆమ్లం ఈపీఏ, డీహెచ్ఏలుగా మారడానికి కూడా ఇదే ఎంజైమ్ కావాలి. అంటే రెండు ఆమ్లాలూ ఒకే ఎంజైమ్ కోసం పోటీ పడతాయి.

వ్యక్తీకరణ నియంత్రణ

చేపల వంటి ఆహారం నుంచి దీర్ఘ శృంఖల కొవ్వు ఆమ్లాలు నేరుగా అందినప్పుడు ఈ జన్యువు అనులేఖనం తగ్గుతుంది. అవి కొరవడితే పెరుగుతుంది.

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కుమార్ కొత్తపల్లి, థామస్ బ్రెన్నా బృందం 2016లో ప్రచురించిన అధ్యయనాన్ని గమనించండి. ఎఫ్ఏడీఎస్2లోని ఒక ఇంట్రాన్‌లో 22 క్షార జతల ముక్క కొందరిలో ఉంటుంది, కొందరిలో ఉండదు. ఆ ముక్క రెండు ప్రతులలోనూ ఉన్నవారు పుణేకు చెందిన, ప్రధానంగా శాకాహారులైన 234 మందిలో 68 శాతం. అమెరికాలోని 311 మందిలో 18 శాతం. ఈ మార్పు ఎంజైమ్ నిర్మాణాన్ని తాకదు. అయినా ఆ ముక్క ఉన్నవారిలో అరకిడోనిక్ ఆమ్లం తయారీ ఎక్కువని తేలింది. తరతరాల శాకాహారం వల్ల ప్రకృతి వరణం దీనికి అనుకూలించి ఉంటుందని పరిశోధకుల వివరణ.

దీని అర్థం ఏమిటి?

పుణే లెక్కను తెలుగువారందరికీ వర్తింపజేయకండి. శాకాహారం మాత్రమే దొరికిన కాలంలో మేలు చేసిన జన్యురూపం, లినోలియిక్ ఆమ్లం మితిమీరిన నేటి వంటలో అదే మేలు చేస్తుందని చెప్పలేం. జన్యువును మార్చలేం. వంటనూనెను మార్చగలం, తగ్గించగలం. ఆహారంలో అవిసెలు చేర్చగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఎంజైమ్ నిర్మాణం మారకుండానే దాని ఉత్పన్నం రాశి ఎలా మారగలదు? మీ మాటల్లో రాయండి.