ముఖానికి ఆ రంగు ఎందుకు?

డ్రాయింగు సారు బల్ల మీద పెట్టిన పుస్తకంలో ఒక బొమ్మ చూసి మనవాళ్లు చాలామంది నవ్వారు. "ఈయనకు పచ్చకామెర్లు అయినయా?" అన్నాడొకడు. సారును అడిగి తెలుసుకున్నదీ, నాకు తోచిందీ రాస్తున్నాను.

దాన్ని 1915లో గీసింది జర్మనీ చిత్రకారుడు ఎర్నెస్ట్ లుడ్విగ్ కిర్ష్నర్. సైనికుడి యూనిఫాంలో తన బొమ్మ తనే గీసుకున్నాడు. భుజం మీద రెజిమెంటు నంబరు 75, నోట్లో సిగరెట్టు, కుడిచెయ్యి మణికట్టు దాకా తెగిపోయి ఉంది. నిజానికి ఆయన చెయ్యి తెగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో చేరి, యుద్ధరంగానికి పోకముందే మనసు చెదిరి బయటికొచ్చాడు. బొమ్మలు వేసేవాడికి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగుల్తుంది? ఆ భయమే తెగిన చెయ్యి అయింది. దీన్నే ప్రతీక అంటారు. కంటికి కనిపించింది కాక లోపల పడ్డ బాధను గీసే ఈ పద్ధతి పేరు ఎక్స్‌ప్రెషనిజం.

ఇక రంగు సంగతి. ఎరుపంటే కోపం, తెలుపంటే శాంతి అని పట్టిక రాసుకుంటే పని జరగదు. పసుపు మనకు శుభం, పెండ్లికూతురికి రాస్తాం. కిర్ష్నర్ ముఖం మీద అదే పసుపు రోగం. ఎందుకంటే పక్కనే యూనిఫాం నీలం దిట్టంగా ఉంది. మనిషి కన్నా బట్టలే ఆరోగ్యంగా ఉన్నాయన్నమాట! రంగును ఒంటరిగా చూడొద్దు, దాని పక్కన ఏముందో చూడాలి.

1937లో హిట్లర్ ప్రభుత్వం మ్యూనిక్‌లో 'చెడిపోయిన కళ' అని ప్రదర్శన పెట్టి ఈ బొమ్మనూ గోడకెక్కించింది. జనం చూసి నవ్వాలనే పెట్టారు.

మన దగ్గర తోట వైకుంఠం ఉన్నారు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన్ను ఎక్స్‌ప్రెషనిస్టు అనరు గానీ, ఆయన ఆడవాళ్ల ముఖాలు చూడండి. నిగనిగలాడే నలుపు, దాని మీద రూపాయంత ఎర్రబొట్టు. ఆ నలుపు లేకపోతే బొట్టుకు అంత బలం రాదు. అక్కడ నలుపు దాచుకునే రంగు కాదు.

ఇప్పుడు మన గది గోడ మీది 'మా అమ్మ' బొమ్మలు చూడండి. అన్నీ లేత గులాబీ క్రేయానే! డబ్బా మీద దాని పేరు స్కిన్ కలర్. ఎవరి స్కిన్నో రాయలేదు. మా యాడి హయత్‌నగర్‌లో బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చేటప్పుడు ఆ రంగులో ఉండదు. ఎండకు కాగిన ముఖం, పక్కన ఎర్రటి పేటియా, కాంచళి మీద అద్దాలు. నేనైతే ముఖానికి ముదురు గోధుమ మీద కొంచెం ఎరుపు రుద్దుతాను, కళ్ల కింద ఊదా. రాత్రంతా నిద్ర లేకుండా వస్తుంది కదా. అద్దాల్లో మాత్రం ఒక్కొక్కదానిలో ఒక్కో రంగు.

వచ్చే సంచికకు ఆ గులాబీ క్రేయాను లేకుండా అమ్మ బొమ్మలు గీద్దాం. శనివారం లోపల క్లాసు లీడరుకు ఇవ్వండి. ఏ రంగు ఎందుకు వేశారో వెనక రెండు వాక్యాలు రాయండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి