పళ్లొస్తున్నాయని ఊరుకోవద్దు
చక్కెర సీమలో పసివాళ్ల కడుపు, పన్ను

వర్ని: ఏడెనిమిది నెలల బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "పళ్లొస్తున్నాయి, అవే తగ్గుతాయి" అంటారు. ఈ మాట మీద ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి. బిడ్డ కళ్లు లోపలికి పోయి, మెడ వాలిపోయాక గాని దవాఖానా గుర్తుకు రాదు. అప్పటికి ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది.

ఆ వయసులో పళ్లు వస్తాయన్నది నిజమే. పన్ను వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు దురద పెడుతుంది, బిడ్డ చికాకు పడుతుంది. అంతే గాని నీళ్ల విరేచనాలూ, పెద్ద జ్వరమూ పన్ను వల్ల రావు. ఆరు నెలలు దాటిన బిడ్డ పాకడం మొదలుపెడుతుంది. చేతికి అందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. తల్లిపాలతో పాటు పై తిండి కూడా అప్పుడే మొదలవుతుంది. చేతుల మీద, గిన్నెల మీద, నీళ్లలో ఉండే క్రిములు ఆ దారినే కడుపులోకి పోతాయి. పన్నూ విరేచనమూ ఒకే కాలంలో వస్తాయి గనుక ఒకదానికి ఒకటి కారణమని తరతరాలుగా నమ్ముతూ వచ్చారు.

వానాకాలంలో ఈ బెడద ఎక్కువ. అది నాట్ల కాలం కూడా. తల్లి పొద్దున్నే మడిలో దిగితే బిడ్డ ముసలమ్మ దగ్గర ఉంటుంది. బీడీలు చుట్టే ఇళ్లలో తల్లి ఇంట్లోనే ఉన్నా చేతికి పొగాకు దుమ్ము అంటి ఉంటుంది. అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే సగం జబ్బు గడప బయటే ఆగిపోతుంది.

చెంచాల లెక్కలో ప్రాణం

విరేచనాలతో బిడ్డ చనిపోయేది ఒంట్లోని నీరూ, ఉప్పూ పోవడం వల్ల. పోయినదాన్ని పోయినట్టే నోటి ద్వారా తిరిగి ఇవ్వాలి. ఉత్త నీళ్లు తాగిస్తే చాలదు. పేగు గోడ గుండా చక్కెర లోపలికి పోతూ ఉప్పును వెంట తీసుకుపోతుంది. ఆ రెండిటి వెంట నీరు పోతుంది. విరేచనాలు అవుతున్నా ఈ దారి తెరిచే ఉంటుంది. 1960 దశకంలో తేలిన ఈ సంగతి మీదే ఓఆర్‌ఎస్ పొడి పుట్టింది.

దాని బలం లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ, గ్లూకోజూ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల వెంట ఉన్న వాళ్ల చేతనే తాగించారు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపే దిగింది. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

మన పల్లెల్లో నేటికీ "బాటిల్ ఎక్కిస్తేనే ఒంట్లో శక్తి" అనే నమ్మకం పోలేదు. తాగగలిగిన బిడ్డకు నోటి ద్వారా ఇచ్చే నీళ్లు సూది ద్వారా ఎక్కించే సెలైన్ చేసే పనినే చేస్తాయి. ఖర్చు లేదు, నొప్పి లేదు.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆశా కార్యకర్తల దగ్గర, ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. పెద్ద పొట్లం పూర్తిగా ఒక లీటరు నీళ్లలో కలపాలి. ఇంట్లో ఉండే లీటరు నీళ్ల సీసాయే కొలత. అర పొట్లం గ్లాసులో వేసి చిక్కగా తాగించడం మంచిది కాదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి.

పొట్లం దొరకని వేళ ఇంట్లోనే చేసుకోవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాతో తలగొట్టి కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. చక్కెర ఎక్కువైతే అది నీటిని పేగులోకే లాగి విరేచనాలను పెంచుతుంది. కళ్ల అంచనాతో వేయకుండా చెంచాతో కొలవాలి.

రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. అంటే నీళ్ల గ్లాసులో పావు నుంచి సగం. అంతకు పెద్ద పిల్లలకు సగం నుంచి గ్లాసెడు. చెంచాతో మెల్లగా పట్టాలి. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు మాన్పించరాదు. తిండి తినే బిడ్డకు మెత్తని అన్నం, పప్పుకట్టు పెట్టాలి. "కడుపు ఎండబెడితే కట్టుకుంటుంది" అనేది బిడ్డను మరింత నీరసపరిచే మాట. దీనితో పాటు డాక్టరు ఇచ్చే జింక్ మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులు పూర్తిగా వేయాలి.

డబ్బా మీది పేరు చూసి మోసపోవద్దు

దుకాణాల్లో పండ్ల రుచితో, రంగురంగుల డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని కొన్న తల్లిదండ్రులు ఎందరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ పానీయాల్లో కొన్నింటిలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలు అవుతున్న బిడ్డకు అవి తాగిస్తే జబ్బు ముదురుతుంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడరాదని ఆదేశించింది. కొనే ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని పొట్లం మీద రాసి ఉందో లేదో చూసుకోవాలి. చదువు రాని వాళ్లు బడికి పోయే పిల్లల చేత చదివించుకోవాలి.

అదే చక్కెర పంటికి పగ

వర్ని ప్రాంతానికి చక్కెర కొత్త కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కాలువ కింద చెరకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా ఇళ్లలో తీపి తగ్గలేదు. ఊళ్లో చక్కెర అన్నా, క్యాంపుల్లో పంచదార అన్నా పసిబిడ్డ నోటికి అందేది అదే.

లీటరు నీళ్లలో కొలిచి వేస్తే ప్రాణం నిలిపే ఆ చక్కెర రాత్రి పాల సీసాలో వేస్తే పళ్లను తినేస్తుంది. నోట్లోని క్రిములు చక్కెరను తిని పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపే పంటిని కరిగిస్తుంది. నిద్రలో లాలాజలం తక్కువ గనుక సీసా నోట్లో పెట్టుకుని పడుకున్న బిడ్డ పళ్లు తెల్లవార్లూ పులుపులో నానుతాయి. మొదట పై వరస ముందు పళ్ల మీద, చిగురు అంచున తెల్లటి గీతలు కనిపిస్తాయి. తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత పిప్పి. ఎంత తీపి తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ముఖ్యం. రోజంతా నములుతూ ఉండే బిస్కెట్లూ, చాక్లెట్లూ ఎక్కువ చెరుపు చేస్తాయి.

"పాలపళ్లే కదా, రాలిపోతాయి" అనడం కూడా పొరపాటే. వెనక దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి నొప్పి పెడితే బిడ్డ నమలదు, తినదు, బరువు తగ్గుతుంది. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక ఒక దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ రాలదు గనుక అదీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పోతే మళ్లీ రాదు.

మొదటి పన్ను వచ్చిన నాటి నుంచే తోమాలి. మూడేళ్ల లోపు బిడ్డకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీ గింజంత చాలు. రాత్రి తోమిన తర్వాత నీళ్లు తప్ప మరేదీ పెట్టకూడదు. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే దగ్గరుండి తోమించాలి.

పన్ను నొప్పికి పొగాకు నలిపి పెట్టేవాళ్లు, మాత్ర పొడి చేసి చిగురుకు అద్దేవాళ్లు ఉన్నారు. మాత్ర పొడికి చిగురు కాలిపోతుంది. పొగాకు మరో జబ్బుకు దారి తీస్తుంది. లవంగం కాసేపు నొప్పిని మరిపిస్తుందే గాని పిప్పిని ఆపదు. బోధన్‌కో నిజామాబాద్‌కో పోతే బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోతాయని వాయిదా వేస్తే చిన్న రంధ్రానికి అయ్యే ఖర్చు పన్ను పీకించే దాకా పెరుగుతుంది. అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ బడులకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల పళ్లు కూడా చూస్తాయి. ఆ రోజు బిడ్డను తప్పక పంపాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

విరేచనాల బిడ్డ కళ్లు గుంటలు పడినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, పొట్ట మీది చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కు పోయినా, మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా తక్షణం దవాఖానాకు తీసుకుపోవాలి. రెండు నెలల లోపు పసికందు అయితే గుర్తుల కోసం చూడనే వద్దు. పంటి వల్ల దవడ గాని, కంటి కింద గాని వాచి జ్వరం వస్తే, నోరు తెరవలేకపోతే, మింగలేకపోతే అదీ ఆగే జబ్బు కాదు. చీము మెడలోకి దిగితే ఊపిరికి అడ్డం పడుతుంది. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. తాగగలిగిన బిడ్డకు దారిలోనూ ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండాలి. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో మాత్రం నీళ్లు పోయరాదు.

రోటావైరస్ అనే క్రిమి వల్ల వచ్చే విరేచనాలకు ఇప్పుడు టీకా ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తున్నది. నోట్లో వేసే ఈ మందును దేశంలో మొదట తయారుచేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థే. టీకా కార్డు చూసుకుని వారం తప్పకుండా వేయించుకోవాలి.

నాట్లు మొదలుకాక ముందే ప్రతి ఇంట్లో రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక లీటరు సీసా ఎత్తిపెట్టుకోవడం మేలు. వాటి సంగతి తల్లికి తెలిస్తే చాలదు. పగలు బిడ్డను చూసుకునే ముసలమ్మకూ ఆ కలిపే పద్ధతి నేర్పి ఉంచాలి. పళ్లొస్తున్నాయని ముందుగా అనేది ఆమే గనుక, చెంచా ముందుగా అందుకోవాల్సిందీ ఆమే.