కిటికీలు ఎక్కడ, ఎంత? లింటెల్ వేసే ముందే చూసుకోండి

విశాఖపట్నం పరిధిలో సొంతంగా ఇల్లు కట్టుకుంటున్న లబ్ధిదారుల కోసం

పథకం డబ్బు ఒకేసారి రాదు. పునాది, లింటెల్, స్లాబు, పూర్తయిన ఇల్లు, ఇలా ఒక్కో దశకి సచివాలయం సిబ్బంది వచ్చి జియో ట్యాగింగ్ ఫొటో తీశాకే బిల్లు పడుతుంది. పీఎంఏవై పట్టణ పథకంలో సొంతంగా కట్టుకునే ఇంటికి కేంద్రం వాటా 1.50 లక్షల రూపాయలు. లింటెల్ పడ్డాక కిటికీ తప్పుగా ఉందని గోడ కొట్టిస్తే, ఆ ఖర్చు ఏ బిల్లులోనూ రాదు. మీ చేతి నుంచే పోతుంది. అందుకే గోడ మూడు అడుగులు లేవక ముందే ఈ కాగితం ఒకసారి చదవండి.

కిటికీ ఎంత పెద్దది ఉండాలి?

మనది ఉక్కపోసే సముద్రతీరం. ఇలాంటి చోట గది నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీ ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. ఇందులో తలుపులు లెక్కలోకి రావు.

ఉదాహరణ: 10 × 10 అడుగుల గది అంటే 100 చదరపు అడుగులు. ఆరో వంతు దాదాపు 17. 3 × 4 అడుగుల కిటికీలో మూడేసి అంగుళాల ఫ్రేము తీసేస్తే మిగిలేది 8.75 చదరపు అడుగులు. అంటే ఒక్క కిటికీ చాలదు, రెండు కావాలి. రెండూ ఒకే గోడకి పెడితే గాలి ఆడదు. ఎదురెదురు గోడలకి, కుదరకపోతే పక్క గోడకి పెట్టించండి.

సెంటు స్థలం అంటే 48.4 చదరపు గజాలే. పక్కింటి గోడ దగ్గరగా వస్తుంది. అటు కిటికీ పెట్టే ముందు ప్లానులో ఎంత ఖాళీ వదిలారో చూసుకోండి.

ఎక్కడ వదలాలి?

• కిటికీ అడుగు నేల మట్టం నుంచి 3 అడుగులు, పైభాగం 7 అడుగులు. తలుపు పైభాగం కూడా అదే మట్టంలో ఉంటే లింటెల్ ఒకే వరసలో వస్తుంది.
• గోడ మూల నుంచి కనీసం అడుగున్నర వదలండి. రెండు కిటికీల మధ్య కూడా అంతే.
• ఒక గోడలో తలుపులు, కిటికీల వెడల్పు అంతా కలిపి గోడ పొడవులో సగం దాటకూడదు. దాటితే గోడ బలం తగ్గుతుంది.

ఫ్రేము నిలబెట్టేటప్పుడు

1. తూకం గుండు, రసమట్టం పెట్టి చూపించమని మేస్త్రిని అడగండి.
2. టేపుతో మీరే చూడొచ్చు: 3 × 4 ఫ్రేముకి మూల నుంచి ఎదురు మూలకి సరిగ్గా 5 అడుగులు రావాలి. రెండో వైపూ అంతే రావాలి. తేడా వస్తే ఫ్రేము వంకర, రేపు రెక్క పడదు.
3. హోల్డ్‌ఫాస్టులని ఇటుకల మధ్య ఊరికే దూర్చకుండా కాంక్రీటులో బిగించాలి.
4. చెక్క ఫ్రేము అయితే గోడకి ఆనే వైపు తారు పూయించండి. ఇనుము అయితే రెడ్ ఆక్సైడ్ వేశాకే బిగించాలి. ఉప్పు గాలికి మన ఊళ్లో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.
5. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉండాలి. లేకపోతే వాన నీళ్లు గదిలోకే వస్తాయి.

లింటెల్, సన్‌షేడ్

లింటెల్ కిటికీకి రెండు వైపులా కనీసం 6 అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. ఇల్లంతా చుట్టూ ఒకే పట్టీగా వేస్తే ఇంకా మంచిది. ఒక్క విషయం మర్చిపోవద్దు: లింటెల్‌లో బరువు మోసే రాడ్లు కింద ఉంటాయి, సన్‌షేడ్‌లో పైన ఉంటాయి. కాంక్రీటు పోసేటప్పుడు కాళ్ల కింద పడి సన్‌షేడ్ రాడ్లు కిందికి దిగిపోతే, అది ఎప్పటికైనా విరిగి పడుతుంది. పోసే రోజు దగ్గరుండి చూసుకోండి. స్లాగ్ సిమెంటు అయితే కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి.

తుపాను సంగతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని తాకినప్పుడు ఎన్ని కిటికీ అద్దాలు పగిలాయో చూసినవాళ్లకి తెలుసు. కిటికీ ఊడితే గాలి లోపలికి దూరి పైకప్పుని పైకి తోస్తుంది. రేకుల కప్పు అయితే లేచిపోతుంది. ప్రతి రెక్కకి పైనా కిందా గడియ పెట్టించండి.

"ఏం పర్లేదమ్మా, తర్వాత సర్దేద్దాం" అని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. అనుమానం ఉంటే లింటెల్ పోసే ముందే వార్డు ఎమెనిటీస్ కార్యదర్శిని, గ్రామంలో అయితే ఇంజినీరింగ్ అసిస్టెంటుని పిలిచి చూపించండి. చూపించుకోవడం మీ హక్కు.